నల్ల కాగితం మీద దోసిలి

కోరుట్ల
జనవరి 18

అన్నకు,

ఇక నీతో ఫోన్లో మాట్లాడను. మొన్న సంతోషం కొద్దీ నేను అరిచిన అరుపులకు పక్కింటి నవనీత పరుగెత్తుకొచ్చి, "ఏమైంది మేడం, ఎవలతోని పంచాయితి?" అని అడిగింది. నీకు మాత్రం ఒక్క ముక్క వినపడలేదు. సిరిసిల్ల సాంచాలు బట్ట నేస్తూ నేస్తూ నీ చెవులను తినేశాయి. వాట్సాప్‌లో రాద్దామంటే నీది మీటల ఫోను. అందుకే ఉత్తరం. పిల్లలకు దిద్దించే చేత్తో రాస్తున్నాను కాబట్టి బడి తెలుగే వస్తోంది, నవ్వకు.

జగిత్యాలలో డ్రాయింగ్ టీచర్లం అందరం కలిసి బొమ్మల ప్రదర్శన పెట్టాం. నేను చేతుల బొమ్మలు పెట్టాను. ముఖాలు లేవు, ఒట్టి చేతులే. నల్ల చార్టు మీద తెల్ల సుద్దతో గీసినవి. నల్ల కాగితంతో ఒక సుఖం ఉంది అన్నా. చీకటిని గీయనక్కర్లేదు, అది ముందే ఉంటుంది. వెలుతురు పడిన చోటు గీస్తే చాలు. మా బడి ఆయా మంజుల బీడీలు చుట్టే వేళ్లు, నవనీత పిండి పిసికే చెయ్యి, వాటితో పాటు బాపు చేతులు.

క్రిస్మస్‌కు మీ ఇంటికి వచ్చినప్పుడు గీశాను. నువ్వు సాంచాల దగ్గర ఉన్నావు. "బాపూ, నీకు అలవాటున్నట్టు చేతులు పెట్టు" అన్నాను. కాసేపు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు, తీశాడు, ఒళ్లో పెట్టుకున్నాడు. చివరికి చేతులు వాటంతటవే కలిసి దోసిలి అయ్యాయి. మణికట్లు రెండూ గడ్డం దగ్గరికి వచ్చాయి, తల వంగింది. చిటికెన వేళ్లు అంటుకుపోయినట్టు బిగించి పట్టాడు. "అంత గట్టిగెందుకే బాపూ, జర ఇడువు" అంటే, "సందుంటే నిలువయి బిడ్డా" అన్నాడు. దేవుడిచ్చే దీవెనల గురించి అంటున్నాడనుకుని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బొమ్మ కింద "ప్రార్థన" అని రాశాను.

దానికే మొదటి బహుమతి వచ్చింది. పేపర్లో జిల్లా పేజీలో వేశారు. అది చూసి మన ఊరి కొత్త సర్పంచ్ ఉమారాణి ఫోన్ చేసింది. మన ఊరంటే ఈ మేడిపల్లి దగ్గరి ఊరే, నేను పుట్టకముందు మీరు వదిలి వెళ్లిన ఊరు. అక్కడ కొత్త వాటర్ ట్యాంకు కట్టారట. దాని కింద మోటరు గది గోడ నిండా ఈ చేతులే గీయమంటోంది. ప్రారంభం రోజున బాపును పిలిచి, కుర్చీ వేసి, శాలువా కప్పుతారట. ఊరు వదిలేటప్పుడు బాపు నెత్తిన ఒక మూట తప్ప ఏమీ లేదని నువ్వే చెప్పేవాడివి. ఇప్పుడు ఆయన చేతులు ఊరి గోడ మీదికి ఎక్కుతున్నాయి.

ఫొటో పంపుతున్నాను. బాపుకు చూపించు. ఏమన్నాడో అక్షరం వదలకుండా రాయి.

నీ చెల్లె
సౌమ్య

*

సిరిసిల్ల
జనవరి 29

చెల్లె సౌమ్యకు,

ఉత్తరం అందింది. నీ వదిన సరిత ముందు తాను చదివి నవ్వుకుని, తర్వాత నాకిచ్చింది. నీకు బహుమతి వచ్చిన సంగతి ఆదివారం చర్చిలో లేచి నిలబడి చెప్పాను. గట్టిగానే చెప్పానట. "మైకు అక్కెర లేదు ప్రభుదాస్" అని పాస్టరు గారు అన్నారని సరిత తర్వాత చెప్పింది.

ఫొటో బాపుకు చూపించాను. బాగుందన్నాడు.

ట్యాంకు సంగతి మాత్రం వద్దు. ఎండలు వస్తున్నాయి. అంత గోడ ముందు ఎండలో నిలబడి నువ్వు గీయడం ఎందుకు? బాపుకు కూడా ప్రయాణం పడదు, మోకాళ్ల నొప్పులు. సర్పంచ్‌కు ఇంకో బొమ్మ ఏదైనా గీసివ్వు. నెమలి గీయి. నెమలి ఎవరికైనా నచ్చుతుంది. చేతులే కావాలంటే నావి గీసుకో. తెగిన దారం ముడివేసేటప్పుడు నా వేళ్లు చూడముచ్చటగా ఉంటాయని మా సేటు కూడా అంటాడు.

ఇంట్లో అందరం బాగున్నాం. బాపు బాగున్నాడు. చలికి కాబోలు, చేతులు తువ్వాల కింద పెట్టుకుని కూర్చుంటున్నాడు.

నీ అన్న
ప్రభుదాస్

*

కోరుట్ల
ఫిబ్రవరి 10

అన్నకు,

నెమలి గీయాలా? నెమలి గురించి అంత రాశావు, బాపు గురించి ఒక్క మాట రాశావు. అక్షరం వదలకుండా రాయమన్నాను కదా. "బాగుంది" అనేది బాపు మాటలా లేదు, నీ మాటలా ఉంది.

నాకొక అనుమానం. కోపం తెచ్చుకోకు. నీకు బాపు చేతులంటే సిగ్గా? ఆ నలుపు, ఆ పగుళ్లు, ఆ విరిగిన గోరు ఊరంతా చూస్తుందని నీకు నామోషీగా ఉందా? బాపు ఒకరింట్లో జీతం ఉన్నాడని ఊరికి తెలియదా? కష్టపడ్డ చేతులను చూసి సిగ్గుపడేవాళ్లు పడాలి, మనమెందుకు పడాలి? చర్చిలో లేచి నా బహుమతి గురించి చెప్పిన అన్న, ఆ బహుమతి దేనికి వచ్చిందో ఊళ్లో తెలియకూడదంటే నేనేమనుకోవాలి?

పని మొదలుపెట్టేశాను. కోరుట్ల నుంచి దగ్గరే కాబట్టి ఆదివారం ప్రార్థన అయ్యాక బస్సెక్కి వెళ్తున్నాను. గోడ మొత్తం నల్ల రంగు పూయించాను, కాగితంలాగే ఉండాలని. పెద్ద సుద్దగడ్డతో గీతలు గీశాను. ఇంకా రంగు వేయలేదు. నిచ్చెన ఎక్కి నిలబడితే బాపు బొటనవేలు నా అంత ఉంది. ఉమారాణి మంచి మనిషి. నేను గీస్తున్నంతసేపూ టీ పంపుతూనే ఉంటుంది. మొన్న వచ్చి చూసి, "నీళ్ల ట్యాంకు గద మేడం, పైకెల్లి దోసిట్ల నీళ్లు వడుతున్నట్టు ఒక ధార గియ్యరాదు?" అంది. గీసి చూశాను. అన్నా, ధార గీయగానే బొమ్మ పూర్తయిపోయింది. ఆ చేతులు అన్నాళ్లూ దానికోసమే ఆగి ఉన్నట్టు అనిపించింది.

ప్రారంభం మార్చి రెండో ఆదివారం. బాపును నువ్వు తీసుకొస్తావా, నేను వచ్చి తీసుకెళ్లాలా?

సౌమ్య

*

సిరిసిల్ల
ఫిబ్రవరి 17

సౌమ్యా,

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం నువ్వు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ధార గీశానని నువ్వు రాసిన చోటికి వచ్చాక ఇక ఊరుకోలేకపోయాను.

అది ప్రార్థన కాదమ్మా. నీళ్లు తాగడం.

నువ్వు అప్పటికి పుట్టలేదు. బాపు ఆ ఊళ్లో ఒక పెద్దింట్లో ఏడాది జీతానికి ఉండేవాడు. ఎండలో నాగలి దున్ని వస్తే దూప అయ్యేది. దూప అయినా ఆ ఇంటి చెంబు ముట్టుకోకూడదు, బావిలో చేద ముట్టుకోకూడదు. కొట్టం దగ్గర వంగి నిలబడి దోసిలి పట్టాలి. ఆ ఇంటావిడ చెంబు మనకు తగలకుండా చెయ్యి బాగా పైకెత్తి పోసేది. మణికట్లు గడ్డానికి ఆనించి, తల వంచి, ఆమె పోసినంతసేపట్లోనే తాగాలి. చాలకపోయినా చాలని అనాలి.

బాపుకు సద్ది తీసుకెళ్లి నేనూ అట్లా తాగాను. నా దోసిలి చిన్నది. సగం నీళ్లు మోచేతుల వెంట కారి చెడ్డీ తడిసిపోయేది. ఒకరోజు బాపు నా రెండు చేతులూ పట్టుకుని, చిటికెన వేళ్లు దగ్గరికి నొక్కి, "సందుంటే నిలువయి కొడుకా" అని నేర్పించాడు. నీతో అన్న మాటే. బాపు నాకు నేర్పిన మొదటి విద్య అది.

నువ్వు అమ్మ కడుపులో పడ్డాక ఊరు వదిలాం. బాపు అమ్మతో అన్న మాట నేను విన్నాను, అప్పుడు నా చెవులు బాగానే ఉండేవి. "పుట్టేటోళ్లకు గీ దోసిలి నేర్పియ్యనే" అన్నాడు.

ఫొటో చూసి బాగుందన్నాడని రాశాను. అబద్ధం. బాపు ఏమీ అనలేదు. కింద ఏం రాసి ఉందో చదవమన్నాడు. చదివాను. లేచి వాకిట్లోకి వెళ్లి కూర్చున్నాడు. పొద్దుగూకాక సరితతో అన్నాడట, "ఊకె పెట్టుమంటే చేతులకు గదే యాదికచ్చింది. గిన్నేండ్లయినా అవి మరువలే. నాకు సిగ్గయితంది బిడ్డా." సరిత ఏడుస్తూ ఆ మాటలు నాకు కాగితం మీద రాసి చూపించింది. ఆ రోజు నుంచి ఆయన చేతులు తువ్వాల కిందే ఉన్నాయి. చలి ఎప్పుడో పోయింది.

ఆ పెద్దిల్లు ఎవరిదో కూడా చెప్తాను. మీ ఉమారాణి వాళ్లదే. నీళ్లు పోసినావిడ ఉమారాణి అత్త, చిన్నవ్వ. ఇంకా బతికే ఉంది.

సిగ్గా అని అడిగావు. అవును, సిగ్గే. బాపు చేతులంటే కాదు, ఆ వంగడం అంటే. ఆ గోడ కింద బాపును కూర్చోబెట్టి శాలువా కప్పుతారా? నీకూ, ఉమారాణికీ తెలియకపోవచ్చు. ఊళ్లో ముసలివాళ్లలో ఆ దోసిలి ఏమిటో తెలియనివాళ్లు ఎవరున్నారు?

ఒక్క మాట చెప్పి ఆపుతాను. నువ్వు దాన్ని చూసి ప్రార్థన అనుకున్నావు. అంటే నీకు నిజంగానే తెలియదు. బాపు అమ్మతో అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఏడుపులో కూడా ఆ ఒక్కదానికి నాకు సంతోషం కలిగింది.

ప్రభుదాస్

*

జగిత్యాల బస్టాండు
ఫిబ్రవరి 21

అన్నా,

నీ ఉత్తరం బడిలో చదివాను. తర్వాత తొమ్మిదో తరగతికి వెళ్లి బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. "మేడం, ఏం బొమ్మ?" అని అఖిల అనే పిల్ల అడిగింది. తలనొప్పి అని చెప్పి బయటపడి జగిత్యాలకు వచ్చాను, బహుమతి బొమ్మలతో పాటు ఇంకా ఇక్కడే ఉంచిన నా బొమ్మ వెనక్కి తీసుకుందామని. ప్రదర్శన హాల్లో ఉన్నవాళ్లు నన్ను చూసి లేచి నిలబడి నమస్కారాలు పెట్టారు. ఎవరో అమ్మాయి ఆ బొమ్మ పక్కన నిలబడి నాతో సెల్ఫీ దిగింది. నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్లు కంపరంగా ఉంది.

నాకు సిగ్గుగా ఉందన్నా. బాపు ఆ దోసిలి పట్టి తల వంచినప్పుడు, "కదలకు బాపూ, గట్లనే వంగు" అన్నాను. కదలకుండా వంగాడు. మెడ నొప్పి పుడుతుందని తెలిసి కూడా వంచి ఉంచాను, వేళ్ల మీద వెలుతురు బాగుందని. చప్పట్లు కొట్టించుకున్నాను. నీ మీద నింద వేశాను. అన్నీ పోనీ, ఆ ధార. ఉమారాణి గీయమన్నా పోసింది నా చెయ్యే. చిన్నవ్వ ఎప్పుడో పోయడం మానేసింది. ఇప్పుడు గోడ మీద చెంబెత్తి పోసింది నేను.

చెరిపేస్తాను. సుద్దే కదా, తడిగుడ్డ చాలు. కానీ ఎందుకు చెరిపావని ఉమారాణి అడుగుతుంది. నిజం చెబితే బాపు ఇన్నేళ్లు దాచుకున్నదాన్ని నేనే ఊరి నడిమధ్యలో పరిచినదాన్నవుతాను. చెప్పకపోతే ఆమె ఇంకో పెయింటర్‌ను పిలిచి పేపర్లోని బొమ్మ చూపించి అదే గీయిస్తుంది. ఆ బొమ్మ ఇప్పుడు అందరి ఫోన్లలో ఉంది. ఏం చేయమంటావు?

నాకు తెలిసిందని బాపుకు చెప్పకు. ఆయన ముఖం ఎట్లా చూడాలో నాకు తెలియడం లేదు.

సౌమ్య

*

సిరిసిల్ల
ఫిబ్రవరి 27

చెల్లె,

పొరపాటు జరిగిపోయింది. నీ ఉత్తరం సరితకు చదివి వినిపించాను. మెల్లగానే చదివాననుకున్నాను. నా మెల్లగా ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. సరిత చేతులు ఊపుతూనే ఉంది, నేను చదువుతూనే ఉన్నాను. వాకిట్లో ఉన్న బాపు మొత్తం విన్నాడు. గోడ అవతల ఇంటివాళ్లూ విన్నారట.

బాపు లోపలికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. "ఐతారం నన్ను మేడిపల్లి బస్సెక్కియ్యి" అన్నాడు. ఎందుకంటే చెప్పడు. నేనూ వస్తానంటే, "నువ్వత్తె ప్రతీది నీకు మల్ల చెప్పుడె అయితది" అన్నాడు. తువ్వాల కింద చేతులు బిగించుకునే ఉన్నాయి.

అప్పటిదాకా గోడను ముట్టుకోవద్దని నీకు రాయమన్నాడు. పోస్టులో వేస్తే సమయానికి అందదు, కోరుట్ల బస్సు కండక్టరు తెలిసినవాడే, అతని చేతికిస్తున్నాను. మేడిపల్లిలో ఎదురు వెళ్లు. బాపు ఆ ఊళ్లో మళ్లీ తల దించుకుని నిలబడకుండా చూడు. నాకు ఆ ఒక్కటే భయం.

ప్రభుదాస్

*

కోరుట్ల
మార్చి 3

అన్నకు,

బాపు నీకేమీ చెప్పి ఉండడు. అందుకే రాస్తున్నాను.

మేడిపల్లిలో దిగాడు. క్రిస్మస్‌కు నువ్వు కొన్న తెల్ల చొక్కా వేసుకున్నాడు. చేతులు తువ్వాల కింద ఉన్నాయి. నేను కాళ్ల మీద పడబోతే, "లే, బట్టలకు దుమ్మంటుతది" అన్నాడు. ఆటోలో నేను ఏడుస్తుంటే అవతలి పక్కకు తిరిగి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. ఊరు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం, "గా చెలక మీదనే దున్నిన" అన్నాడు.

గోడ దగ్గర ఉమారాణి, వార్డు మెంబర్లు, పిల్లలు ఉన్నారు. బాపు వస్తున్నాడని నేనే ఫోన్ చేశాను, ఇంకేమీ చెప్పలేదు. చిన్నవ్వను కూడా కుర్చీలో తెచ్చి కూర్చోబెట్టారు. పాతవాడు వస్తున్నాడని సంబరంగా వచ్చిందట. బాపు గోడ ముందు నిలబడి చాలాసేపు పైకి చూశాడు. ముందు తన చేతులు చూశాడు, తర్వాత ధార చూశాడు. నాకు అక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

ముందు మాట్లాడింది చిన్నవ్వే. ఏ కల్మషమూ లేకుండా నవ్వుతూ అంది.

"బుచ్చయ్యవా? గీ చేతులు నీయేనా? నేను అనుకుంటనే ఉన్న. మా కొట్టంకాడ నీకు ఎన్ని చెంబులు పోసిన్నో గద!"

ఎవరూ నవ్వలేదు. మెంబర్లలో పెద్దవయసు వాళ్లు నేల చూశారు. ఉమారాణి అత్తను చూసింది, గోడను చూసింది, నన్ను చూసింది. "మేడం, పానం మీద ఒట్టు, నాకు తెల్వది" అంది. గీసినప్పుడు నాకు మాత్రం ఏం తెలుసు? నేను బకెట్లో గుడ్డ ముంచి గోడ దగ్గరికి వెళ్లాను. బాపు చప్పున వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ తొందరలో తువ్వాల జారి కింద పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు.

"ఆగు బిడ్డా. బొమ్మ సగమే అయింది" అన్నాడు. "చేతులు గీసినవ్, మంచిగ గీసినవ్. నీళ్లు గీసినవ్. గా నీళ్లు మొగులు మీదికెల్లి వడుతున్నయా? పోసిన చెయ్యేది?"

నాకు అర్థం కాలేదు. బాపు చిన్నవ్వ వైపు తిరిగాడు. దొరసానీ అనలేదన్నా. పేరు పెట్టి పిలిచాడు.

"చిన్నవ్వా, నీ చెయ్యి జర పైకి లేపు. చెంబు వట్టినట్టు వట్టు. నా బిడ్డ గీస్తది. నా చేతులు ఊరంత చూస్తరంటే, నీ చెయ్యి గూడ చూడాలె గద."

కోపంగా అనలేదు. చెలకలో పక్కనున్న మనిషిని పార అందించమన్నట్టు అన్నాడు. తల ఎత్తుకునే ఉన్నాడు. నువ్వు భయపడ్డట్టు ఏమీ కాలేదు.

నేను సుద్దగడ్డ పట్టుకుని నిలబడ్డాను. చిన్నవ్వ చెయ్యి లేపింది. అలవాటు కొద్దీ భుజం పైదాకా లేపింది, వేళ్లు కూడా చెంబు పట్టినట్టే వంగాయి. అక్కడ ఆగిపోయింది. తన చేతిని తానే చూసుకుంది. ఆ తర్వాత చెయ్యి దించి, రెండు చేతులూ మెల్లగా కొంగు కిందికి లాక్కుంది. మళ్లీ బయటికి తీయలేదు. పండు ముసలిది, ఆమెను చూస్తే నాకు జాలి వేసింది. నీకు కోపం వచ్చినా ఆ మాట దాచను.

ఉమారాణి నా చేతిలోంచి గుడ్డ తీసుకుని తానే తుడవడం మొదలుపెట్టింది. ముందు ధార తుడిచింది. తర్వాత ఇద్దరం కలిసి చేతులు తుడిచాం. సుద్దనీళ్లు ఇద్దరి చీరల మీదా కారాయి. ఆమె ఇంటికి వెళ్లి స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి బాపు చేతికివ్వబోయింది. "ఇప్పుడు దూప లేదు బిడ్డా" అన్నాడు బాపు. ఆమె ఆ గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

గోడ మీద ఊరి పేరు ఒక్కటే రాయిస్తారట. అసలు బొమ్మ నా దగ్గరే ఉంది. కింద "ప్రార్థన" అనే మాట తుడిచేశాను. పోయింది కానీ నల్ల కాగితం మీద బూడిదరంగు మరక మిగిలింది. దాన్ని చూస్తే ఇంకా సిగ్గుగానే ఉంది. బొమ్మను చించేయమంటాడా, దాచమంటాడా? బాపును అడుగు. ఏమంటే అదే చేస్తాను. ఈసారైనా అక్షరం వదలకుండా రాయి.

సౌమ్య

*

సిరిసిల్ల
మార్చి 11

చెల్లె సౌమ్యకు,

అడిగాను. వీధంతా వినేటట్టే అడిగాను, ఇక దాచేదేముంది.

తువ్వాల అక్కడే పడిపోయింది కదా, కొత్తది కొనిస్తానన్నాను. ఎండాకాలం తువ్వాల ఎందుకన్నాడు. పొద్దున వాకిట్లో కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పక్కింటి వాళ్లతో ముచ్చట పెడుతున్నాడు. నేను చాలా రోజుల తర్వాత ఆయన వేళ్లు చూశాను. నువ్వు గీసిన విరిగిన గోరు నిజంగానే ఉంది, నేనెప్పుడూ గమనించలేదు.

బొమ్మ చించవద్దన్నాడు. పేరు మార్చమన్నాడు. నాకు తప్పుగా వినపడుతుందేమోనని సరిత చేత కాగితం మీద రాయించి చూపించాడు. "దూప" అని ఉంది. దాహం అని రాస్తే బడి పిల్లలకు బాగా తెలుస్తుంది కదా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. నేను ఎందుకని మళ్లీ అడిగితే, లేచి నా చెవి దగ్గరికి వచ్చి, గోడ అవతలి వాళ్లకు కూడా వినపడేటట్టు చెప్పాడు. అక్షరం వదలకుండా రాస్తున్నాను.

"దూపయింది, తాగిన. అండ్ల నాకు సిగ్గేంది?"

నీ అన్న
ప్రభుదాస్